మా చింతతోపులోని తల్లికోతి

వైద్యం చదువుతున్న మా మనుమరాలు మొన్న తన పుస్తకంలో ఒక బొమ్మ చూపించింది. తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్ల బోనులో ఒక మూల తన ఒళ్ళు తానే కావలించుకుని కూర్చుని ఉంది. మనుషులకు దిగులు జబ్బు ఎట్లా వస్తుందో తెలుసుకోవడానికి ఇలాంటి పరిశోధనలు చేశారట. ఆ కూర్చున్న తీరు నేను మా ఇంట్లోనే చూశాను, రెండుసార్లు.

యాభైల నాటి మాట. జాగీరు పోయి మాకు మిగిలింది ఆదోనిలో ఎమ్మిగనూరు దారి పక్కనున్న పాత మిద్దె, దాని వెనక చింతతోపు, ఇంత పరువు. చంటిబిడ్డను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మా అక్క, నెలల తరబడి గోడ వైపు తిరిగి మోకాళ్ళు కావలించుకుని కూర్చునేది. ఆమెను లేపింది మేము కాదు, తోపులోంచి పొట్టకు కరుచుకున్న పిల్లతో మిద్దెమీదికి వచ్చే ఒక తల్లికోతి. దానికి వేరుశనక్కాయలు వేయడానికని అక్క లేచి, తానూ నాలుగు మెతుకులు తినసాగింది.

అంతలో పరిశోధనల కోసం కోతులను పట్టే మనుషులు మా గడపకు వచ్చారు. సొంతదారు తాంబూలం పుచ్చుకుంటేగాని తోపులో వల వేయకూడదని వాళ్ళ కట్టుబాటు. మమ్మల్ని ఒకరు అనుమతి అడిగి ఎన్నాళ్ళయిందో! నాన్నగారి జరీ రుమాలు తలకు చుట్టుకుని వచ్చి మరీ పుచ్చుకున్నాను.

"ఈ కోతులు పరదేశానికి ఇమానం ఎక్కుతాయి దొరా. మనం ఎప్పుడన్నా ఎక్కినామా?" అని వాళ్ళ పెద్ద నవ్వినాడు.

మరునాడు తల్లి వలలో పడింది, పిల్ల తప్పించుకుని మా మిద్దెమీదికి వచ్చి అక్క ఒడి చేరింది. బోనులు సాయంత్రం రైలు దాకా స్టేషన్లోనే ఉంటాయని తెలిసి, అక్క నా చేయి పట్టుకుంది.

"పోయి దాన్ని ఇడిపించుకోని రాప్పా."

తాంబూలం పుచ్చుకున్నాక మాట తప్పితే మన ఇంటికి పరువేముంటుందన్నాను.

"మాటకేం తక్కువప్పా మనింట్లో," అంది అక్క చేయి వదిలేసి. "మనుషులకే కరువు."

పిల్ల ఆమె ఒడిలో పాలు ముట్టక, తన ఒళ్ళు తానే పట్టుకుని, వారం తిరక్కుండానే పోయింది. అక్క మళ్ళీ గోడ వైపు తిరిగింది. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని పక్కింటివాళ్ళు చెబితే, పిచ్చి అనే మాట మా ఇంటికి అంటనీయనని, మంత్రాలయం తీసుకుపోయి మూడు రోజులు ఉంచి తెచ్చాను. ఆ చలికాలం ఆమె దాటలేదు.

ఇప్పటి పిల్లలు మనసు బాగాలేదంటే, జ్వరానికి వెళ్ళినట్టే డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. మా మనుమరాలైతే తన స్నేహితురాలిని తానే వెంటబెట్టుకుని పోయింది. చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది.

పుస్తకం మూస్తూ మనుమరాలు, తల్లిని తిరిగి చేరిస్తే కొన్ని కోతిపిల్లలు తేరుకుంటాయట తాతా, అంది. ఆ రోజు రైలు కదలడానికి ఇంకా నాలుగు గంటలుండింది. స్టేషను మా ఇంటికి నడిచి పోయేంత దూరమే.