గోడ మీది ఏడో నంబరు

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. గుండెనొప్పి అంటున్నారు. నన్నడిగితే మెట్లే చంపాయంటాను. గట్టు మీది మా పేటకు ఆటో ఎక్కదు. నలుగురం ఆమెను ఆసుపత్రికని మంచం మీద మోసుకుని మెట్లు దిగుతుంటే, మా నెత్తి మీదుగా రోప్‌వే పెట్టెలు కొండ మీది గుడికి పోతున్నాయి. ఒకదాంట్లోంచి ఎవరో మమ్మల్ని ఫోటో తీశారు. రోడ్డు చేరేసరికి ఆమె చెయ్యి చల్లబడిపోయింది.

పెద్దమ్మ రోజూ జొన్నరొట్టెలు కాల్చి, గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు దిగేది. తిరిగొచ్చేటప్పుడు మా గడప దగ్గర గంప దించి, చెంబెడు నీళ్లు తాగి, "ఏమప్పా, ఇంత చదివి ఈడనే కూచున్నావే" అని నన్ను ఆటపట్టించి గాని ఇంటికి పోయేది కాదు. మిగిలిన రొట్టె ఒకటి నా చేతిలో పడేది.

కొన్నేళ్ల కిందట ఒక అధికారి వచ్చి, పేట మీదుగా రోప్‌వే తీగె పోవడానికి అందరూ ఒప్పుకోవాలన్నాడు. పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

"సామీ, ఆ పెట్టె మా కాడ నిలుస్తాదా?"

"ఎందుకు నిలవదమ్మా!" అని నవ్వి, ఆమె గోడ మీద ఎర్రరంగుతో ఏడు అంకె వేయించాడు.

అది స్టాపు నంబరనుకుంది. ఇల్లిల్లూ తిరిగింది. "కాన్పు నొప్పులొచ్చిన ఆడబిడ్డల్ని ఇంక మంచాల మీద మోసే పని లేదు, ఏలుముద్ర ఎయ్యండి" అని అందరినీ ఒప్పించింది. ఆ కాగితం రాసింది నేనే. నేనూ నమ్మాను, సిగ్గులేకుండా.

ఏడు అంటే ఏడో స్తంభమట. అది ఆమె పెరట్లోనే లేచింది, స్నానాల గది పోయింది. పెట్టెలు మాత్రం ఒక్కనాడూ నిలవలేదు. అడగబోతే, అది యాత్రికుల కోసం అన్నారు. మా పెరళ్లు కావాలి గానీ మా కాళ్ల నొప్పులు ఎవరికీ అక్కర్లేదు!

ఉగాదికి గోడలకు సున్నం కొట్టినప్పుడల్లా ఆమె ఆ అంకెను వదిలేసేది. చెరిపెయ్యమంటే నన్ను కసిరింది.

"నా మాట మింద ఏలుముద్రలు ఏసినారప్పా జనం. నేను అబద్ధం చెప్పలేదనేదానికి ఇదొక్కటే ఉండాది. ఉండనీ."

నిన్న, పెద్దదినానికి ముందు, ఆమె ఇంటికి సున్నం కొట్టాం. కుంచె నా చేతిలో ఉంది. ఆ అంకె దాకా వచ్చి, దాని చుట్టూ తిప్పాను. తెల్లటి గోడ మీద ఎర్రటి ఏడు మిగిలింది. దాని మీదుగా ఒక పెట్టె నీడ పాకి, ఆగకుండా పోయింది.