పీట ఎత్తు కారు

మా మావయ్య పోయాడు. పోయిన మంగళవారం మధ్యాహ్నం విజయనగరంలో మా ఇంట్లో బియ్యం ఏరుకుంటూ ఉంటే ఫోను మోగింది. చేసింది అరకు దగ్గర మావయ్య షెడ్డు పక్కన ఉండే జీపు డ్రైవరు. "అమ్మా, మేస్త్రి ఎల్లిపోనాడు. కారు పక్కన కూకున్నోడు కూకున్నట్టే ఉన్నాడు. సేతిలో రంపం ఉన్నాది, పనిలో ఉన్నాడనుకున్నాం. టీకి పిలిస్తే పలకలేదు" అన్నాడు. ఏ కారని నేను అడగలేదు. ఆ షెడ్డులోకి జీపులు ఎన్ని వచ్చిపోయినా కారంటే ఒక్కటే.

కబురు విని వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "పోనీలే, కూతురి దగ్గరికి ఎల్లిపోనాడు." వాళ్ళ మంచితనాన్ని కాదనను గానీ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ షెడ్డు వదిలి కదలనివాడు ఇప్పుడు మాత్రం ఎక్కడికి వెళ్తాడు? ఆయన గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఎవరినీ ఊరడించడానికి కాదు. నాకే ఊరట లేదు, మీకెక్కడినుంచి తెచ్చేది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. సాలూరులో లారీల దగ్గర కమాన్ పని నేర్చుకున్నాడు. బండి బరువు మోయడానికి చక్రాల ఇరుసుకి బిగించే, వంపు తిరిగిన ఇనప పట్టీల కట్టని కమాన్ అంటారు. తొంభైల మొదట్లో అత్త పోయాక, ఒక్కగానొక్క కూతుర్ని తీసుకుని కొండెక్కి, అరకు నుంచి పెదబయలు వెళ్ళే దారిలో ఒక జంక్షన్లో షెడ్డు వేశాడు. సంత రోజున ఏజెన్సీ జీపు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. లోపల జనం, టాపు మీద జనం, వెనక వేలాడుతూ జనం, కాళ్ళ సందుల్లో కోళ్ళు, అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు. జీపుతో వచ్చిన కమాన్లు ఆ బరువుకి ఆగవు. మావయ్య ఇంకో పట్టీ వేసి, కొలిమిలో కాల్చి వంపు పెంచి, జీపుని ఎత్తేవాడు. అలా ఎత్తితే బరువూ మోస్తుంది, వాగులో రాళ్ళూ పొట్టకి తగలవు. "కొండకి బండి ఎత్తుగుండాల, మడిసి కుదురుగుండాల" అనేవాడు. సెలవులకి వెళ్ళిన నేను ఆయన ఎత్తిన జీపుల్లోకి పాకినట్టే ఎక్కేదాన్ని.

మావయ్య కూతురు నాకు వదిన. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతులు నేలకి ఆనించి జరిగేది. ఎక్కడ కూర్చున్నా ఒంటి కింద నాలుగు కాళ్ళ చెక్క పీట ఉండాల్సిందే. దాన్ని ముందుకి తోసుకుంటూ, దాని మీదకి ఎక్కుతూ ఇల్లంతా చక్కబెట్టేది. చేత్తో తిప్పే మిషను మీద కొండ ఊళ్ళ ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. నోరు మాత్రం చేదు. "వదినా, మంచినీళ్ళు తెచ్చివ్వనా?" అంటే, "ఏటి, నీకు కాళ్ళున్నాయని సూపిత్తన్నావా?" అనేది.

తనకి అన్నిటికన్నా అసహ్యం, ఎవరైనా తనని ఎత్తడం. జీపు ఎక్కాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి లేపాలి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు సరే. ఎదిగిన పిల్లని, సంతలో పదిమందీ చూస్తుండగా, చీర జారిపోతుంటే, ఎవడో పరాయి మగాడు బస్తాలా ఎత్తి లోపల పడేయడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. ఒక సంత నాడు అలాగే ఎక్కించాక దారంతా చీర సర్దుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి, "నానా, నేనింక సంతకి రాను. నన్నెవులూ ఎత్తొద్దు" అంది. అన్నట్టే గడప దాటడం మానేసింది.

మావయ్యకో అలవాటుండేది. వదినతో నిలబడి మాట్లాడేవాడు కాడు. చేతిలో ఎంత పని ఉన్నా వదిలేసి, తనకి ఎదురుగా నేల మీద చతికిలబడి అప్పుడు నోరు విప్పేవాడు. వచ్చిన డ్రైవర్లని కూడా కూర్చోబెట్టేవాడు. "పైనుంచి మాటాడితే మాట కింద పడిపోతాది, కూకోండర్రా" అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ కూర్చునేవారు.

ఆ రోజుల్లోనే, కాఫీ తోటల్లో పనిచేసిన ఒక పెద్దాయన ఊరు వదిలి వెళ్తూ తన పాత కారుని షెడ్డులో వదిలేశాడు. సామాను దొరకదు, కొనేవాడు లేడు, నువ్వే ఉంచుకో అన్నాడు. ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. గుడ్డ టాపు, పొడుగాటి బానెట్. మావయ్య పుట్టకముందుదేమో కూడా. పేరున్న బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి అది ఏ కంపెనీదో మాకు చివరిదాకా తెలియలేదు. పందేల్లో పరిగెత్తడానికి పుట్టిన కారట. దాని రాత అలా ఉండి మా జంక్షన్లో మేకల మధ్య తేలింది. మావయ్య కొన్నాళ్ళు దాని చుట్టూ తిరిగాడు. ఒక పొద్దున వదిన పీట తెచ్చి కారు తలుపు పక్కన పెట్టాడు. తలుపు గుమ్మం పీట కన్నా జానెడు ఎత్తుంది.

"ఇది పీట ఎత్తుకి రావాల" అన్నాడు.

టేపు ముట్టుకోలేదు. ఆ వేసవంతా ఆయన కొలబద్ద ఆ పీటే. వెనక కమాన్లు విప్పి, కట్టలోంచి ఒక పట్టీ తీసేసి, మిగిలినవాటిని ఎర్రగా కాల్చి సుత్తితో వంపు తీశాడు. జీపులకి వంపు పెంచే సుత్తి కూడా అదే. ముందు చక్రాల దగ్గర పట్టీలు కావు, చుట్టలు తిరిగిన స్ప్రింగులు. వాటిని రంపంతో కోసి పొట్టి చేయాలి. అక్కడ మాత్రం మావయ్య ఆగి ఆగి కోశాడు. ఎక్కువ కోస్తే చక్రం పైరేకుకి రాసుకుంటుంది, మళ్ళీ అలాంటి స్ప్రింగు ఎక్కడా దొరకదు. "కోసింది అతకదు గుంటా. ఇసుమంత ఇసుమంత కొయ్యాల" అని నాతో అనేవాడు. ఇసుమంత కోసి, బిగించి, జాకీ దించి పిలిచేవాడు. "అమ్మీ, ఓపాలి ఎక్కి సూడు." వదిన పీట మీంచి గుమ్మం మీద చెయ్యి వేసి, "ఇంకా ఎత్తే నానా" అనేది. మళ్ళీ జాకీ, మళ్ళీ రంపం. సీటు కింది స్ప్రింగులు కూడా తీసేసి దూది పరుపు వేశాడు.

జీపు డ్రైవరు రోజూ వచ్చి తల కొట్టుకునేవాడు. "అందరి బళ్ళూ ఎత్తి నీ బండి దించుతున్నావేటి మేస్త్రీ? మతి గానీ పోనాదేటి?" మావయ్య కారు కింద నుంచే, "ఎత్తడం ఎవుడైనా సేత్తాడ్రా" అనేవాడు.

ఒక సంత పొద్దున వదిన గుమ్మం మీద చెయ్యి వేసింది. ఒళ్ళు ఇటునుంచి అటు జరిపింది. లోపల ఉంది. కాళ్ళని చేతుల్తో లోపలికి లాక్కుంది. వంగి పీటని కూడా లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. తలుపు తనే వేసుకుంది. అక్కడ కొత్త కమాన్ వేయించుకున్న ప్రతి బండికీ చక్రం దగ్గర కోడిని కోసే ఆచారం ఉంది. డ్రైవరు కోడిని పట్టుకొచ్చాడు. "సక్రానికెందుకు, కూరొండితే నేను తింతాను. నానా, నువ్వు బేగి ఎక్కు, సంత అయిపోతాది" అంది వదిన. మావయ్య గ్రీజు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నల్లటి మొహంతోనే సంతకి వెళ్ళాడు.

ఆ తరవాత కొన్నేళ్ళు బాగున్నాయి. తారు ఉన్నంతవరకే ఆ కారు రాజ్యం. గతుకు కనిపిస్తే మావయ్య ఆపి, దిగి, వంగి చూసి, పక్కనుంచి పోనిచ్చేవాడు. పిల్లలు కప్ప కారని వెంటపడేవారు. నేను సీట్ల వెనక ఇరుకులో మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని కూర్చునేదాన్ని. సంతలో వదిన తనే దిగి, మిషను ముందు పెట్టుకుని, జాకెట్ల కొలతలు తీసుకుంటూ అందరితో తగాదాలాడుతూ ఉండేది. మా ఇళ్ళలో ప్రేమ అనే మాట ఎవరూ నోటితో అనరు. దాన్ని కళ్ళతో చూసే అదృష్టం నాకు మావయ్య వల్ల దొరికింది. అందుకు ఆయనకి నేను ఎప్పుడూ దణ్ణం పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

ఇక వాన సంగతి. రెండువేల సంవత్సరం దాటాక ఒక శ్రావణంలో వదలని ముసురు పట్టింది. వదినకి చలిజ్వరమని తెలిసి నేను ముందు రోజే వెళ్ళాను. ఏజెన్సీలో జ్వరం కొత్త కాదు, మాత్రలు వేసుకుంటోంది. కానీ ఆ పొద్దున కళ్ళు పచ్చబడ్డాయి, మాట తడబడింది. ఘాట్ దిగి కింద పెద్దాసుపత్రికి పోవాలి. జీపు డ్రైవరు వచ్చాడు. "మేస్త్రీ, సప్టా మీంచి నీరు పారతన్నాది. కారు వొద్దు, జీపులో ఏసుకుపోదాం" అన్నాడు. మావయ్య జంక్షనుకి అరకు వైపు వాగు మీద నేలబారుగా కట్టిన సిమెంటు దారి అది, చప్టా అంటారు.

మావయ్య ఎప్పట్లాగే నేల మీద కూర్చుని వదినని అడిగాడు. "ఎత్తనీకు నానా. కార్లోనే" అంది. అంత జ్వరంలోనూ పీట మీంచి తనే జరిగి ఎక్కింది. డ్రైవరు ఎదురుచూస్తున్న జనాన్ని వేసుకుని వెళ్ళిపోయాడు. మేం వెనకాల బయల్దేరాం.

చప్టా సగంలో కారు పొట్ట కింద పెద్ద చప్పుడైంది. వరదకి కొట్టుకొచ్చిన బండరాయి నీళ్ళ కింద కనబడలేదు. జీపైతే దాని మీంచి పోయేది. ఆయిల్ ఛాంబర్ పగిలిపోయింది, ఇంజను ఆగిపోయింది. ఆ వానలో దారి మీద పురుగు కూడా లేదు. మావయ్య కొంత దూరం పరిగెత్తి వెనక్కి వచ్చాడు, మళ్ళీ పరిగెత్తాడు. కారు పొట్టిది కదా, నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వచ్చాయి. నేను వెనక ఇరుకులోంచి వదిన తల పట్టుకుని కూర్చున్నాను. అదే జీపు జనాన్ని దింపి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"ఎత్తండర్రా! ఎత్తండి! బేగి!" అని అరిచాడు మావయ్య, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి. ఎవరెవరో మగవాళ్ళు పట్టుకుని వదినని జీపులోకి ఎత్తారు. ఆ జీపుని అంత ఎత్తు చేసింది ఆయనే. వద్దనడానికి వదినకి అప్పటికి ఓపిక లేదు. ఘాట్ సగం దిగేలోపు నా ఒళ్ళోనే పోయింది.

మావయ్య ఆ సంగతి ఒకే ఒక్కసారి ఎత్తాడు. దినం అయిన సాయంత్రం నా ఎదురుగా నేల మీద కూర్చుని, "అడక్కుండా ఎత్తీసుంటే బతికుండును కదా గుంటా" అన్నాడు. అవునంటే ఆయన చచ్చిపోతాడు. కాదంటే అబద్ధం. జీవితమంతా ఆ పిల్లని అడిగి చేసినవాడు ఆ ఒక్కరోజు అడక్కుండా ఉండాల్సిందా?

చప్టా దగ్గర ఇప్పుడు వంతెన ఉంది. ఎంత పొట్టి కారైనా హాయిగా పోతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ సిమెంటు దిమ్మల్ని కాలితో తన్నాలనిపిస్తుంది. మావయ్య కారుని లారీ మీద ఇంటికి తెచ్చుకుని, షెడ్డులో ఒక మూల పెట్టి, మళ్ళీ నడపలేదు. జీపులు ఎత్తడం మాత్రం మానలేదు. డ్రైవరు ఒకసారి ఉండబట్టలేక, "రెండు పట్టీలేసి దీన్నీ ఎత్తీ మేస్త్రీ, వాడుకోవచ్చు" అన్నాడట. మావయ్య వాడి మొహంలోకి చూసి, "ఎత్తితే అమ్మి ఎలాగెక్కుతాది?" అన్నాడట. మళ్ళీ ఎవరూ ఆ మాట అనలేదు. నేను విజయనగరం వచ్చేయమని పోరు పెట్టేదాన్ని. "ఇక్కడెవులు సూత్తారు?" అనేవాడు. దేన్ని చూడాలో చెప్పేవాడు కాడు.

బుధవారం నాడు అంతా అయిపోయాక ఒక్కదాన్నే షెడ్డులోకి వెళ్ళాను. కారు మూలనే ఉంది. టైర్లు చీలికలైపోయి ఇనప చక్రాలు మట్టిలోకి దిగిపోయాయి. వెనక కమాన్లు తుప్పు తిని విరిగాయి. గుమ్మం నేలకి బెత్తెడు పైన కూడా లేదు. వదిన వైపు తలుపు తీసి ఉంది. తలుపు పక్కన పీట ఉంది. దాని మీద కూర్చుని, వదిన వేసినట్టు గుమ్మం మీద చెయ్యి వేశాను. పీట, గుమ్మం సమానంగా ఉన్నాయి.

కారు ఇన్నేళ్ళుగా కుంగుతూనే ఉంది కదా, సమానంగా ఎలా ఉంటాయి? లేచి పీటని తిరగేశాను. కాళ్ళు అంగుళమంత మిగిలాయి, నాలుగింటికీ అడుగున రంపం కోత. వంగి కారు కిందకి చూశాను. అక్కడ చిన్న కుప్పగా చెక్క బిళ్ళలు ఉన్నాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజ మందాన. అడుగున ఉన్నవి బూజు పట్టి నల్లబడ్డాయి. పైనున్న నాలుగూ ఇంకా తెల్లగా ఉన్నాయి.