పెద్దనాయన రెండుసార్లు మానిన బీడీ

పోయిన నెల ధర్మవరంలో మా పెద్దనాయన పోయినాడు. వయసైపోయి పోయినాడని మావాళ్లు కార్డు రాసినారు. యాభై ఆరేండ్లకే వయసైపోతాదా? బీడీ చంపిందని రాయడానికి ఒక్కరికీ చేయి రాలేదు. అందుకే నేను రాస్తాండా.

ఆయన పట్టుచీరలు నేసేవాడు. కండెలకు దారం చుట్టడం, తెగిన పోగు కనబడకుండా అతకడం నాకు ఆయనే నేర్పినాడు. తప్పుచేస్తే తిట్టేవాడు కాదు. "ఇప్పి మళ్ళా చుట్టు పాపా" అనేవాడు, అంతే. రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు గానీ మగ్గం దగ్గర ఒక్కటీ ముట్టించడు. నిప్పురవ్వ పడి పట్టు కాలుతాదని వీధి అరుగు మీదికి పోయేవాడు. చీర మీదుండే ఆ జాగ్రత్త తన రొమ్ము మీద ఎందుకు లేకపోయిందని నాకు ఇప్పటికీ కోపమే.

ఆయనొక్కడి మీదే కాదు నా కోపం. ఎమర్జెన్సీ ఏడాది నా పెండ్లిలో, వక్కాకు పళ్ళెంలో సిగరెట్లు పెట్టలేదని మగపెండ్లివాళ్లు అలిగినారు. పెద్దనాయనే పరుగెత్తి తెచ్చినాడు. అదీ మనం నేర్చుకున్న మర్యాద.

ఐదారేండ్లకు, పెద్దనాయనకు మగ్గం గుంతలోనుంచి లేస్తేనే ఆయాసం వచ్చేది. అనంతపురంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "పాడైన ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. ఇప్పుడు మానితే మిగిలిన భాగమన్నా నిలుస్తుంది" అన్నాడు.

ఆ పొద్దే కట్టలూ అగ్గిపెట్టె పొయ్యిలో వేసినాడు. టీ తాగితే చేయి బీడీకి పోతాదని టీ అంగడి వైపే పోలేదు. జేబులో వేయించిన శనక్కాయలు పెట్టుకున్నాడు. తాగాలనిపిస్తే చెంబు నీళ్లు తాగి, వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. "ఐదు నిమిషాలు ఓర్చుకుంటే అదే పోతాది" అనేవాడు. ఊరికే పెద్దమ్మను కసురుకున్నాడు. అయినా రెండు నెలలు నిలిచినాడు.

అప్పుడు ఒక పెండ్లిలో, పెద్దమ్మ తమ్ముడే బీడీ ముట్టించి ఆయన నోట్లో పెట్టినాడు. "ఒక్కదానికేమవుతాదిలే బావా." అందరూ నవ్వినారు. వారం తిరక్కముందే మళ్ళా రెండు కట్టలు.

నేను పోయి నోటికొచ్చినట్ల తిట్టినా. అంతా విని, "ఇప్పి మళ్ళా చుట్టుకోవాల, అంతే కదా" అన్నాడు. మరుసటి దినమే మళ్ళా మొదలుపెట్టినాడు. ఈసారి నవ్వేవాళ్ల ఇండ్లకు పోవడమే మానుకున్నాడు. పోయేదాకా బీడీ ముట్టలేదు. అన్నానికి రుచి తెలుస్తాండాదని సంతోషపడినాడు. దగ్గు తగ్గి, పూటకు ఒక గంటన్నా మగ్గంలో కూచున్నాడు. రెండేండ్లు అట్ల దక్కినాయి మాకు. ముందే మానింటే ఇంకెన్ని దక్కేవో.

పదకొండో దినం షామియానా కింద వక్కాకుతో పాటు బీడీల పళ్ళెం తిప్పుతాండారు. ఆ ఇంట్లో, ఆయన దినానికి. నేను పళ్ళెం గుంజుకొని మట్టిలో బోర్లించినా. "ఏమ్మా, ఈ గలాటా ఏంది?" అన్నాడొక ముసలాయన. పెద్దమ్మ మాత్రం వచ్చి ఆ పళ్ళెం తీసుకొని లోపలికి పోయింది.

మా నాయన, అంటే పోయినాయన సొంత తమ్ముడు, ఒంగి ఆ బీడీల్ని ఏరబట్టినాడు. ఒంగినోడికి దగ్గు పట్టుకుంది. ఒక చేత్తో షామియానా గుంజను పట్టుకొని, కండ్లల్లో నీళ్లు కారేదాకా దగ్గినాడు. రెండో చేతి పిడికిలి మాత్రం విప్పలేదు.