తడి పలక రంగు

పలక ఆరితే బూడిద రంగు. తడిస్తే మాత్రం నలుపూ నీలమూ ఆకుపచ్చా మూడూ కలిసి సద్దుమణిగిన ముదురు రంగు ఒకటి పైకి వస్తుంది. మార్కాపురంలో మా నాయన గనిలో తీసిన రాతిని రేకులుగా చీల్చి, బడిపిల్లల పలకలు కోసేవాడు. వాటిని తడిగుడ్డతో తుడిచి అందించడం నా పని. తుడిచిన పలకను వెంటనే ఇవ్వకుండా కాసేపు చూస్తూ కూర్చునేదాన్ని. "చూస్తే కడుపు నిండుతాదా?" అని నాయన కసిరేవాడు. కసురుతూ తానూ చూసేవాడు.

పెళ్లయి బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెకు కాపురానికి వచ్చాను. అప్పటికింకా దొరలే ఏలుతున్నారు, మా ఊళ్లన్నీ కర్నూలు జిల్లాలోవి. అత్తవారిది వానను నమ్ముకున్న సేద్యం. ఇంట్లో అందరివీ పెద్ద నోళ్లే, అందులో మా అత్తది ఇంకా పెద్దది. పెళ్లిపందిట్లోనే ఆ నోరు విని మా నాయన బెంగపెట్టుకున్నాడు. నన్ను బండి ఎక్కిస్తూ, "కొర్ర కోతలు అయినాక వస్తా. నువ్వేం చెప్పొద్దు, నేనే చూసి తెలుసుకుంటా" అన్నాడు. నేను సుఖంగా ఉన్నానా లేదా అన్నదే ఆయన తెలుసుకోవాలనుకున్నది. లేనని తోచిందా, ఆయనకు ఇక అన్నం సహించదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నిజం చెప్పాలంటే సుఖంగానే ఉన్నాను, ఆ గోడలు తప్ప. వచ్చినవాళ్లు కూర్చునే పడసాలలో నాలుగు గోడలకూ తెల్లసున్నం. మధ్యాహ్నం ఎండ లోపలికి వస్తే కళ్లు చికిలించాల్సిందే. ఆ తెల్లదనం మధ్య కూర్చుంటే పరాయి ఇంట్లో ఉన్నట్టే ఉండేది, ఏడుపొచ్చేది. దసరాకు సున్నం కొట్టే రోజులు దగ్గరపడగానే, పడసాలకు తడి పలక రంగు వేద్దామని అత్తతో అన్నాను.

"నల్ల గోడలా? పగలు దీపం పెట్టేదానికి మీ నాయన వస్తాడామ్మీ?"

"నలుపు కాదత్తా."

"మరేంది?"

ఏమని చెప్పను? ఆ రంగుకు మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. మామ గడ్డం గోక్కుని, "ఒక్క గోడకు వేసుకోనీలే. బాగలేకుంటే మళ్ల సున్నం కొడదాం" అన్నాడు. ఆ తీర్పు విన్నాక అత్త ఆ రోజంతా గిన్నెలతోనే మాట్లాడింది.

సున్నంలో ఎద్దుల గిట్టల పుళ్లకు వాడే మైలుతుత్తం కలిపితే నీలిపచ్చ వచ్చింది. మరీ మెరుస్తోందని మార్కాపురం నుంచి తెప్పించుకున్న పలకపొడీ దీపపు మసీ వేసి దాన్ని అణిచాను. పట్టు కోసం తుమ్మబంక నీళ్లు పోశాను. పూసిన సాయంత్రం గోడ అచ్చం మా ఇంటి పలకే. తెల్లారేసరికి ఆరి బూడిదయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసి, "గోడకు విభూతి పూసినావా?" అని నవ్వారు. మళ్లీ పూశాను, మళ్లీ బూడిదే. నాకు ఒళ్లు మండింది. ఆరితేనే కదా పాడయ్యేది, ఆరకుండా చేస్తే సరి అని, ఇంట్లో ఉన్న ఆముదమంతా గోడకు పట్టించాను.

రంగు నిలిచింది. ఆముదమూ నిలిచింది. మామ పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అలవాటుగా ఆ గోడకు చేరగిలబడి చుట్ట కాల్చుకుని దుకాణం దాకా వెళ్లివచ్చాడు. ఆయన వీపు మీద సగం గోడ ఊరేగింది. "నన్ను చూసి అందురూ నవ్వతాండారు, ఏందే?" అని వచ్చి మమ్మల్నే అడిగాడు. ఆయన వెనక్కి తిరగగానే అత్త గడప మీద కూలబడి నవ్వింది. నేను వచ్చాక ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "కోతలు అయిపోతాండాయి. మీ నాయన వచ్చి ఈ జిడ్డుకు అతుక్కున్యాడంటే మాకు గదా తలవంపులు" అంది.

మర్నాడు ఇద్దరం కలిసి జిడ్డు పొరంతా గీకేసి, కొత్తగా మన్ను మెత్తి, రంగు కలిపాం. ఈసారి అత్త సున్నం బాగా తగ్గించింది. పూత పచ్చిగా ఉండగానే నున్నటి గుండ్రాయి ఒకటి నా చేతిలో పెట్టి, తానొకటి పట్టుకుంది.

"నేల మెరుగుకు ఇదే గదా వాడతాం. గోడ వద్దంటాదా? నిగ్గు తేలేదాకా రుద్దు."

ఆ చివర ఆమె, ఈ చివర నేను. చేతులు రుద్దుతుంటే నోళ్లు ఊరుకోలేదు. కొమరోలు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో తానూ ఇదే పడసాలలో కూర్చుని ఏడ్చానని చెప్పింది.

"నువ్వు ఏ రంగు కావాలనుకున్నావత్తా?"

"నన్ను అడిగినోళ్లు ఎవురు?" అని ఇంకా గట్టిగా రుద్దింది.

నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది అప్పుడే. పొద్దున లేచి చూస్తే గోడ ఆరింది, రంగు మాత్రం తడి పలకలాగే ఉంది.

అన్నట్టుగానే నాయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని పడసాలలో అడుగుపెట్టి, ఆ గోడ ముందు నిలబడిపోయాడు. బొటనవేలు దానికి ఆనించి, వేలి కొన చూసుకున్నాడు. పొడిగానే ఉంది. నమ్మకం లేక ఇంకో చోట ఆనించి చూశాడు.

"ఆరిందిలే అన్నా," అంది అత్త వంటింట్లోంచి. "నీ కూతురూ నేనూ రుద్దినాం, రెక్కలు ఇంకా నొస్తాండాయి. తక్కిన మూడు గోడలకూ ఇదే వెయ్యాల. పలకపొడి నువ్వే పంపియ్యాల."

నాయన నా ముఖంలోకి చూశాడు. సుఖంగా ఉన్నావా అని ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. 

"ఎంత పొడి కావాల?" అన్నాడు.

తర్వాత ఆ గోడకే చేరగిలబడి భోంచేశాడు. మా అత్త వడ్డిస్తుంటే, మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు.