ఎల్లవ్వ చెప్పిన కారణం

గల్లీలో పెద్ద టీవీ ఉన్నది పద్మారాణి ఇంట్లోనే. అందుకని సినిమా అక్కడే చూద్దామని ఆడవాళ్లంతా అనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చున్నారు. ఎల్లవ్వకు మాత్రం కుర్చీ వేశారు. సినిమా ఆమెదే కదా మరి.

ఎల్లవ్వకు అసలు రావాలని లేదు. పొద్దుటి నుంచి చీరలకు రాళ్లు అంటించీ అంటించీ మెడ పట్టేసింది. జిగురు వాసనకు తల దిమ్ముగా ఉంది. కాసేపు నడుం వాల్చుదామనుకుంది. కూతురు సింధూజ ఊరుకుంటేగా.

"మమ్మీ, నీ కహానీ అది. నువ్వే చూడకుంటే ఎట్ల?" అని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ కహానీ ఒకప్పుడు సూరత్‌లో మగ్గం పని చేసే తెలుగువాళ్లందరి నోళ్లలో నానింది. ఎల్లవ్వ భర్త రాజలింగాన్ని అతని సొంత తమ్ముడు ముత్యం చంపాడు. పట్టపగలు, సూరత్ శివారున ఇదే ఉన్ బస్తీలో, వాళ్లుండే ఒంటి గదిలో. అప్పుడు సింధూజ మూడో తరగతి. బడికి వెళ్లింది కాబట్టి కళ్లతో చూడలేదు. ముత్యానికి యావజ్జీవం పడింది. అతను ఉండే లాజ్‌పోర్ జైలు ఉన్‌కు ఏమంత దూరం కాదు. అయినా ఇన్నేళ్లలో ఎల్లవ్వ ఒక్కసారి కూడా అటు పోలేదు.

రెండేళ్ల కిందట ముంబై నుంచి ఒకమ్మాయి వచ్చింది. సినిమాలకు కథలు రాస్తుందట. ఎల్లవ్వ సర్వపిండి కాల్చి పెడితే, కారానికి ముక్కు తుడుచుకుంటూనే ఇంకొక ముక్క అడిగి తిన్నది. రోజూ వచ్చి కూర్చుని చెప్పినదంతా ఫోన్‌లో రికార్డు చేసుకుంది. అంతకు ముందు ఎల్లవ్వను అంత ఓపికగా అడిగినవాళ్లు లేరు. ఏం చూశావని పోలీసులు అడిగారు. ముందు చెయ్యి ఎత్తిందెవరని వకీలు అడిగాడు. ఈ పిల్ల మాత్రం "మొదటి నుంచి చెప్పండి ఆంటీ" అంది.

ఎల్లవ్వ మొదటి నుంచే చెప్పింది. తాను కాపురానికి వచ్చేసరికి ముత్యం తొమ్మిదేళ్ల పిల్లవాడు. అత్త అప్పటికే పోయింది. వాడి తల నిండా పేలు. గడప మీద కూర్చోబెట్టుకుని దువ్వెనతో దువ్వి తీస్తుంటే ఒళ్లోనే నిద్రపోయేవాడు. సిరిసిల్లలో పని సాగక సూరత్ రైలెక్కినప్పుడు వాడినీ వెంట తెచ్చుకున్నారు. పెద్దయ్యాక అన్నే వాడికి సాంచా నడపడం నేర్పాడు. సాంచా అంటే పవర్‌లూమే. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కార్ఖానా. ఒకరిది పగటి పాళీ, మరొకరిది రాత్రి పాళీ. ఒకరు లేచిన పరుపు మీదే ఇంకొకరు పడుకునేవారు.

ఆ వేసవిలో, ఇంకా బడులకు సెలవులు ఇవ్వకముందే, పనివాళ్లు చాలామంది పెళ్లిళ్లకని ఊళ్లకు పోయారు. ఉన్నవాళ్ల చేతనే సేఠ్ రెండు పాళీల పని చేయించాడు. ముత్యం రాత్రంతా నడిపి, పగలంతా నడిపి, మళ్లీ రాత్రీ నడిపి ఇంటికొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గోడవార పడిపోయాడు. సాంచా బోల్టులు బిగించే పానా నడుముకు అలాగే ఉంది. కాస్త కన్నంటుకుందో లేదో రాజలింగం కార్ఖానా నుంచి వచ్చాడు. పగటి పాళీకి మనిషి రాలేదు, సాంచాలు ఆగిపోయి ఉన్నాయి, సేఠ్ తిడుతున్నాడు, లెమ్మన్నాడు.

"జర పండనియ్యి. పానం పొయ్యెటట్టున్నది పోరనికి," అంది ఎల్లవ్వ.

రాజలింగం కాలితో తట్టాడు. తమ్ముడు కదల్లేదు. బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి ముఖాన కొట్టాడు. ముత్యం దిగ్గున లేచాడు. కళ్లయితే తెరిచాడు గానీ ఎవరిని చూస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. పానా తీసి ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. ఎల్లవ్వ కేకలు పెడుతుంటే మళ్లీ గోడవారకు జరిగి పడుకున్నాడు. పోలీసులు వచ్చి లేపేదాకా లేవలేదు. లేచి, "అన్న ఏడి?" అని అడిగాడు.

కోర్టులో ఇదంతా చెప్పినప్పుడు వకీళ్లు నవ్వుకున్నారు. అన్నను చంపి పక్కనే పడుకున్నవాడిది ఎంత రాతి గుండో చూడండి అన్నారు. ముంబై పిల్ల మాత్రం నవ్వలేదు. ఎల్లవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

టీవీలో సినిమా మొదలైంది. నిజంగా జరిగిన ఘటన ఆధారంగా తీశామని హిందీలో అక్షరాలు పడగానే చాప మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. ఒంటి గది లేదు. ఊయల బల్ల ఉన్న పెద్ద ఇల్లు. అన్నదమ్ములు కార్ఖానా యజమానులు. వదినగా వేసిన అమ్మాయి తెల్లగా, సన్నగా ఉంది.

"నువ్వు గింత సక్కగుంటివా ఎల్లక్కా!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఎల్లవ్వ కూడా నవ్వింది.

కాసేపటికి మరిది చేతికి దెబ్బ తగిలింది. వదిన పసుపు పెట్టి కట్టు కట్టింది. కట్టిన చెయ్యి వదల్లేదు. బయట వాన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. వెనక పాట.

పద్మారాణి రిమోట్ తీసుకుని ఊరికే సౌండు తగ్గించింది. ఒకామె ఆరేసిన బట్టలు తీయాలంటూ లేచి వెళ్లింది. ఇంకొకామె పిల్లను చంకనేసుకుని వెనకాలే పోయింది. భర్త వాళ్లిద్దరినీ చూడటం, అన్నదమ్ములు కొట్టుకోవడం, హత్య, అన్నీ అయ్యాయి. ఎల్లవ్వ చివరిదాకా కూర్చుంది. మధ్యలో లేచిపోతే ఏమనుకుంటారో అని కూర్చుంది. కోపం కూడా రాలేదు. పొద్దుటి నుంచి ఉన్న అలసటే ఒళ్లంతా పాకినట్టయింది.

ఆ మర్నాటి నుంచి నల్లా దగ్గర ఆమె వస్తే మాటలు తగ్గేవి. నలుగురిలో అడగలేక పద్మారాణి ఒకరోజు చీరల మూట ఇచ్చే నెపంతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏమనుకోకు ఎల్లక్కా. నేనైతే నమ్మ. గని గంత పెద్ద సినిమాల ఉట్టిగనే పెడ్తరా?"

"ఉట్టిగనే పెట్టిండ్రు," అని ఎల్లవ్వ మూట అందుకుంది. అంతకు మించి వివరించే ఓపిక లేకపోయింది.

సింధూజ మాత్రం ఊరుకోలేకపోయింది. ఆమె ఉధనాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ తనతో పనిచేసే అమ్మాయిలు కూడా ఆ సినిమా చూశారు. ఆమె సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే ముంబై అమ్మాయికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. ఎందుకిలా తీశారని హిందీలో గట్టిగానే అడిగింది.

అవతల అమ్మాయి గొంతు తగ్గించి మాట్లాడింది. తాను మొదట ఆంటీ చెప్పినట్టే రాశానంది. చదివినవాళ్లంతా ఒకే మాట అన్నారట. నిద్ర చాలక సొంత అన్నను చంపాడంటే చూసేవాళ్లు నమ్మరు, బలమైన కారణం కావాలి అని. పేర్లు మార్చాం కదా, అది ఆంటీ కాదు, వేరే ఆడమనిషి అంది. చివర్లో "ఆంటీకి నా నమస్తే చెప్పు" అని కూడా అంది.

సింధూజ ఫోన్ పెట్టేసి చాలాసేపు గోరు కొరుకుతూ కూర్చుంది. ఎల్లవ్వ బియ్యం కడుగుతోంది.

"మమ్మీ."

"ఏందే?"

"కోపం చెయ్యకు. ఒక్కసారి చెప్పు. నిజంగ నిద్ర కోసమేనా? ఇంకేం లేకుండెనా?"

ఎల్లవ్వ చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది. ఈ పిల్లను ఒంటి చేత్తో పెంచింది. కండెలు చుట్టింది, రాళ్లు అంటించింది. తన మాట నమ్మడానికి ఒక్కరు చాలనుకుంటే ఆ ఒక్కరూ ఇదిగో ఇలా చూస్తున్నారు. తిట్టాలనిపించింది. ఆ ఓపికా లేదు.

"నా మాట మీద నీకు నమ్మకం లేకుంటే నేను వెయ్యి సార్లు చెప్పినా గంతే. సెలవు పెట్టు. వాడి నోటితోనే విందువు," అంది.

జైల్లో ఆధార్ కార్డులు చూపించి, పేర్లు చెప్పి, బల్ల మీద చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. మధ్యలో అద్దం. అటూ ఇటూ ఫోన్లు. ముత్యం వచ్చి నిలబడ్డాడు. నలభై కూడా నిండని మనిషికి జుట్టంతా నెరిసింది. వదినను చూడగానే రెండు చేతులూ జోడించాడు. తర్వాత పక్కనున్న పిల్లను చూసి గుర్తుపట్టలేక నిలబడిపోయాడు.

ఎల్లవ్వ ఫోన్ తీసుకుంది. ఇన్నేళ్లకు అతనితో మాట్లాడిన మొదటి మాట ఇది:

"గిది సింధూజ. దాని బాపును ఎందుకు కొట్టినవో దానికి చెప్పు."

ఫోన్ కూతురి చేతికిచ్చి పక్కకు జరిగింది. అద్దం అవతల అతని పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది. మధ్యమధ్య సింధూజ మాటలు వినిపించాయి.

"కాకా, సినిమాల అట్ల చూపించిండ్రు... లేదు, మమ్మీ ఏమనలే. నేనే అడుగుతున్న."

అవతల ముత్యం నుదురు కొట్టుకున్నాడు. ఆ తర్వాత ఏదో చాలాసేపు చెప్పాడు. చెబుతూ తల మీద వేళ్లతో దువ్వెనలా చూపించాడు. సింధూజ ఒక్కసారి తల తిప్పి తల్లిని చూసి, మళ్లీ అటు తిరిగింది. గడువు అయిపోయిందని పోలీసు వచ్చి చెప్పాక ఫోన్ తల్లికి అందించింది.

"వదినా," అన్నాడు ముత్యం. "బిడ్డకు చెప్పిన. నాకు గా నీళ్లు పడ్డదాకనే యాదికున్నది. కొట్టింది యాదికి లేదు. యాదికి లేదంటే తప్పించుకుంటున్నడంటరని కోర్టుల అది చెప్పలే, కొట్టిన్నని ఒప్పుకున్న. నీకు గిసోంటి పేరొచ్చిందంటే నేను..."

"నా పేరు సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చేసింది చేసినవ్. అది నేను మర్సిపోను," అంది ఎల్లవ్వ. ఫోన్ పెట్టేయబోయి, "ఏమన్న తింటున్నవా?" అని అడిగింది.

అతను తల ఊపాడు. ఫోన్ కట్ అయింది.

బయటికి వచ్చాక ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు. ఎండ మాడుస్తోంది. సింధూజ చున్నీ సగం తీసి తల్లి తల మీద కప్పింది.

"సారీ మమ్మీ," అంది.

"పాపం, నువ్వేం జేస్తవ్? పెద్ద పెద్దోళ్లే నమ్మలే," అంది ఎల్లవ్వ. ఆటోలో కూర్చోగానే కూతురి భుజానికి ఆనుకుంది.

గల్లీలో ఏమీ మారలేదు. సింధూజ పద్మారాణి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. ఆమె "అవునా, అయ్యో" అంది గానీ నమ్మిందో లేదో తెలియలేదు. కొన్నాళ్లకు వేరే సినిమా వచ్చింది, వేరే మాటలు వచ్చాయి. నల్లా దగ్గర మళ్లీ ఎల్లక్కా అని పిలవసాగారు. ఎల్లవ్వ పలికేది. మునుపటిలా వాళ్లతో కూర్చోవడం మాత్రం మానేసింది.

మరుసటి నెల సింధూజ ఒక్కతే జైలుకు వెళ్లి వచ్చింది. ఎల్లవ్వ పొమ్మనలేదు, వద్దనలేదు. ఇంకో రెండు మూడేళ్లలో కాకను విడిచిపెట్టవచ్చని అక్కడివాళ్లు అన్నారని చెప్పింది.

"వస్తే ఎక్కడుంటడు మమ్మీ?"

"నా ఇంట్ల కాదు," అంది ఎల్లవ్వ చీర మీంచి తల ఎత్తకుండా.

ఎల్లవ్వ మరో రెండు రాళ్లు అంటించింది. మెడ నొక్కుకుని గోడకు జారబడింది.

"పల్సానా దిక్కు ఏదన్న పగటి చౌకీదారు పని సూస్కొమ్మను," అంది. "సాంచాల దిక్కు మాత్రం పోవద్దను."