రొట్టెలు లెక్కవెట్టే కొలువు

"చాయ్‌ల చక్కెర ఏసినవా?" అన్నడు మా ఆయన.

"ఏసిన."

"ఎయ్యలే."

"ఏసిన అంటున్న గద. నీ నోరే చేదుంది."

గవ్వే మా ఇద్దరి ఆఖరి మాటలు. పొద్దుగూకకముందే పోయిండు. చక్కెర ఏసిన్నే. కని ఎవలు ఏం చెప్పినా ఊకె నమ్మొద్దని ఆయన కొలువు ఆయనకు నేర్పింది. గా కొలువు ముచ్చటే చెప్త, రాయి బిడ్డా. నా మనవరాలివి, నువ్వు గూడ మీ తాత చదివిన గా అర్థశాస్త్రమే చదువుత అంటున్నవు.

పోలీస్ యాక్షన్ అయినంక కొన్నేండ్లకు ఆయన పట్నంల బి.ఏ. పాసై తాండూరుకు వచ్చిండు. మా మామ బండల గనిల మేస్త్రి. "డాక్టరు చదివినోడు సూది ఏస్తడు. వకీలు చదివినోడు కోర్టుల నిలవడ్తడు. నీ చదువు చదివినోడు ఏం చేస్తడురా?" అని అడిగిండు.

"జనం ఏం తింటరు, ఎందుకు తింటరు, గది చెప్తడు నాయినా."

"ఆకలైతే తింటరు. గిది చెప్పెతందుకు పట్నం పోవాల్నా?"

రెండేండ్లు ఖాళీగ తిరిగినంక వికారాబాదు ఆఫీసుల సర్కారు కొలువు దొరికింది. ఊర్లు తిరిగి, ఇంటింటికి ఎంత తింటున్నరో అడిగి కాయితంల రాసుడు. ఆర్నెల్లు చూస్తరట, పని బాగుంటేనే ఉంచుతరట. లేకుంటె గనికి రావాల్నని మా మామ సుత్తెకు కొత్త కామ గూడ ఏసిపెట్టిండు.

ముందుగాల పెద్దేముల్ పోయిండు. నిజాం సర్కారు లెవీ కింద గింజలు గుంజుకపోయిన దినాలు జనం ఇంకా మర్వలే. కాయితం పట్టుకొని ఎవలొచ్చినా గింజలకే వచ్చిండనుకున్నరు. గింజలు దాసే గుమ్ములు మూసి, మూతి మీద పేడ అలికిండ్రు. పది ఇండ్లల్ల పది మంది ఒక్కటే మాట: "ఏం లేదు సారు, జొన్న గటక నీళ్లు తాగి పంటున్నం."

వికారాబాదుల పెద్దసారు కాయితం చూసి, "నీ లెక్కన పెద్దేముల్ ఊరంత పోయిన నెలనే సచ్చిపోవాలె. ఇంకోపారి గిట్ల తెస్తే ఇంటికే పో" అన్నడట.

ఆ పొద్దు ఆయన బువ్వ ముట్టలే. "నేనొస్త" అన్న.

"నీకు అక్షరం రాదు గద."

"తినుడు అక్షరాలతోని కాదు గద."

ఆయనను ఊరి చావడి కాడ కూసోవెట్టి నేను పొయ్యిలకాడికి పోయిన. ఏమీ అడగలే. "మా ఆయన పూటకు ఏడు రొట్టెలు తింటడక్కా, చేసి చేసి చేతులు పోతున్నయ్" అన్న. రొట్టె కొట్టే ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసి, "ఏడేనా? మా ఆయన పది" అన్నది. గోడ అవతలి ఆమె, "మా ఆయన పన్నెండు, మీదికెల్లి గటక" అన్నది. లెక్క మర్వకుండ కొంగుకు ముళ్లు ఏసుకుంట అన్నీ తెచ్చి ఆయనకు చెప్పిన.

పెద్దసారు గా కాయితం గూడ చూసిండు. "మొన్న సచ్చినోళ్లు గిప్పుడు పహిల్వాన్లైండ్రా? ఎవలు అడిగిండ్రు?"

మా ఆయనకు అబద్ధం రాదు. "మా ఇంటామె సార్."

సారు సక్కగ మా ఇంటికే వచ్చిండు. మంచం మీద కూసోని కాయితం తీసిండు. "అమ్మా, మీ ఇంట్ల పూటకు ఎన్ని రొట్టెలు?"

మా అమ్మగారింటికెల్లి నిన్ననే రెండు సంచుల జొన్నలొచ్చినయ్, తలుపెనుక ఉన్నయ్. నాకేమైందో, పోయి గా తలుపుకు అడ్డం నిలవడ్డ. "రొట్టెలెక్కడియి సారు, గటక నీళ్లు తాగి పంటున్నం" అన్న.

మా ఆయన నెత్తి పట్టుకున్నడు. మామ అరుగు మీదికెల్లి, "మావోడు పొద్దుగాల నాలుగు తిన్నడు సార్, నేను చూసిన" అన్నడు.

సారు నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుసుకున్నడు. "నీ మీద తప్పు లేదయ్యా. రెండు కాయితాలు వాళ్లు చెప్పినట్టే రాసినవు. ఒకటి సర్కారుకు చెప్పేది, ఒకటి పక్కింటామెకు చెప్పేది. ఇగ అడుగుడు బంద్ చెయ్యి. కాయితం సంచిల పెట్టి, తినే యాళ్లకు పోయి కూసో. కండ్లతోని చూసి రాయి."

గట్లనే పోయిండు. ఇంటికొచ్చినోనికి బువ్వ పెట్టకుండ ఎవలుంటరు? మూడు నెలల్ల ఆయన అంగీలు బిగుతైనయ్. కొలువు పక్కా అయింది.

ఇగ చాలు. ఏది, మొదటి సంది జర చదువు బిడ్డా. నేను చెప్పిందే రాసినవా, నీ పుస్తకాల మాటలేమన్న కలిపినవా చూస్త.