రజియా గోళ్ల మీద విమానం పూలు

మా చిన్నప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా ఏ విమానం పోయినా అది రజియాదే...

రజియా వాళ్లది మా పక్కిల్లు. వాళ్ల నాన్నకు సైకిల్ షాపు. వాళ్లమ్మ తమ్ముడు, రజియాకు మామూ, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసేవాడు. ఎక్కడో ఉత్తరాదిలో... మా వాడ పిల్లలెవరూ ఆయన్ని చూసింది లేదు. అయినా పైన గుయ్యిమని చప్పుడు వినబడితే చాలు, రజియా చేతిలో ఉన్నది ఉన్నట్టే పడేసి వీధిలోకి ఉరికేది.

"మా మామూ పోతుండు! అగో, మా మామూ!"

మేమంతా చేతులు ఊపాల్సిందే. ఊపకపోతే మరునాడు తొక్కుడుబిళ్ల ఆటలోకి రానిచ్చేది కాదు...

కొంగలు పోతుంటే గోళ్లు రుద్దుకుంటూ పూలు అడగడం గుర్తుందా మీకు? గోటి మీద తెల్ల మచ్చ కనిపిస్తే కొంగ పువ్వు వేసిందని మురిసిపోయేవాళ్లం. మా వాడలో మాత్రం విమానాన్ని కూడా అడిగేవాళ్లం. మచ్చ పడిందంటే పైనున్న పైలట్ మనల్ని చూసినట్టు. ఈ పద్ధతి పెట్టింది కూడా రజియానే.

ఆమె గోళ్ల నిండా పూలే. నావి తోమిన పళ్లేల్లా ఉండేవి...

"నిన్నెవరు చూస్తరే? నీకు పైన ఎవరున్నరు?" అనేది.

ఆ మాటతో నాకు అన్నం సయించేది కాదు. నిజమే కదా... మా బాపుకు పత్తి చేను, ఎడ్లు తప్ప ఇంకో లోకం లేదు. మాకు పైన ఎవరూ లేరు.

ఓసారి పాలకుర్తి గుట్ట మీద సోమన్న ముందు గట్టిగా కళ్లు మూసుకున్నాను. మా బాపును పైలట్ చేస్తే కొబ్బరికాయ కొడతానని మొక్కాను. మెల్లగా మొక్కాననుకున్నాను గానీ, పక్కనున్న అమ్మ వినేసింది.

"మీ బాపుకు సైకిలే రాదు బిడ్డా... జర చిన్నది అడుగు. దేవుడు పరేషాన్ అయితడు."

ఆ ఎండాకాలం మామూ సెలవు మీద వచ్చాడు. సైకిల్ షాపు ముందు మంచం వేసుకుని కూర్చుంటే పిల్లలమంతా చుట్టూ మూగాం. నేనే ముందు అడిగాను.

"మామూ, మా ఇంటి మీదికెళ్లి పోయేటప్పుడు మేం కనిపిస్తమా?"

ఆయన పకపకా నవ్వాడు. "నేనెక్కడ నడుపుత బేటీ? నేను కిందుండేటోణ్ని. పైలట్ సాబ్ ఎక్కి కూసుంటే సీటుకు పట్టీలు బిగిస్త, నిచ్చెన తీస్త, సలాం కొడ్త. గంతే!"

నా లోపల టపాకాయలు పేలాయి. రజియా వైపు చూశాను. తల వంచుకుని సైకిల్ ట్యూబును గిల్లుతోంది... ఇక విమానం అందరిదీ, అనుకున్నాను.

కానీ మామూ అక్కడితో ఆపలేదు. ఆయన సాబ్ విమానానికి ఒకరోజు గాలిలోనే నిప్పంటుకుందట. కింద ఊరు. దూకితే తాను బతుకుతాడు, విమానం ఇళ్ల మీద పడుతుంది. అందుకని ఊరు దాటించి, చేల మీదికి తెచ్చి, అప్పుడు సీటుతో సహా దూకాడట.

"నేను దవాఖానకు పోయిన. కట్లల్లకెళ్లి నన్ను చూసి ఏమన్నడో ఎరుకనా? 'పట్టీలు మంచిగ బిగించినవ్ భాయ్' అన్నడు."

జేబులోంచి ఫొటో తీసి రజియా చేతిలో పెట్టాడు. విమానంలో సాబ్, నిచ్చెన మీద మామూ... మామూ భుజం మీద సాబ్ చెయ్యి.

పేరు కూడా తెలియని ఆ సాబ్ ఆరోజు నుంచి మా అందరికీ హీరో. రజియా మాత్రం అంతకు ముందు కన్నా పెద్దదైపోయింది.

"నడిపేటోళ్లు చానామంది ఉంటరు. ఆళ్లను కట్టేసేటోడు మా మామూ!"

ఉక్రోషం పట్టలేక అడిగాను, "ఆడోళ్లు నడపరా మామూ?"

"ఇప్పటికైతే లేరు బేటీ..."

ఆయన మాట పూర్తి కాకముందే రజియా అందుకుంది. "నీ గింత జడ టోపీల ఎట్ల పడ్తదే?"

అందరూ ఒకటే నవ్వు. నేను ఇంటికి పోయి కత్తెర అడిగాను. అమ్మ కత్తెర దాచేసి, నా జడ పట్టుకుని కూర్చుంది...

ఇప్పుడు నాకు యాభై. మొన్న మా కోడలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. యుద్ధవిమానం ముందు మన దేశపు ఆడపిల్ల, పైలట్! జడను గట్టిగా ముడి చుట్టుకుని, ఆ పైన హెల్మెట్ పెట్టుకుంది. వెంటనే దాన్ని మహబూబాబాద్‌లో అత్తవారింట ఉన్న రజియాకు పంపించి, ఫోన్ చేశాను.

"చూసినవానే? జడ పట్టింది టోపీల!"

రజియా ఊరుకుంటుందా?

"పట్టింది గని... ఆ పిల్లకు పట్టీలు ఎవరు బిగించిన్రో? మా మామూ అసొంటోడే అయ్యుంటడు."

చూశారా! మామూ పోయి ఎన్నేళ్లయినా ఆమెకు పైన ఒకరున్నారు...

రోజూ దీపం పెట్టేటప్పుడు విమానాలు నడిపే ఆడపిల్లలంతా క్షేమంగా దిగాలని సోమన్నకు దండం పెట్టుకుంటాను. దండం పెడుతూనే కుళ్లుకుంటాను. నాకు కత్తెర అడగడం తెలిసింది గానీ, జడ ముడి చుట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదే అని...

ఇప్పటి పిల్లలు విమానం చప్పుడుకు తల కూడా ఎత్తరు. నిన్న మిద్దె మీద వడియాలు పెడుతుంటే ఒకటి తెల్లగీత గీస్తూ పోయింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని గోళ్లు రుద్దుకున్నాను. "ఇది నాది" అన్నాను, పైకే... కాదనడానికి పక్కింట్లో రజియా లేదు. అందుకేనేమో, అంత సంబరం కూడా అనిపించలేదు.

మీ వాడలో విమానం పోతే ఎవరిదనేవాళ్లు? చెప్పండి... రజియాదని మాత్రం అనకండి.